ఇంటిచెవి తేల్చిన శిరస్సు

ఆ కాలానికి భీమవరంలో ప్రతి విశ్వాసి ఇంట్లోనూ చర్చి సంఘంవాళ్లు బిగించిన 'ఇంటిచెవి' అనే మాట్లాడే యంత్రం ఉంది. పెద్దరికం వంతు వచ్చిన ఇంట్లో నెలపాటు మాటలు విని, ఆ ఇంటిని ఏలేది ఎవరని అది తేలిస్తే వాళ్లే సంఘపెద్ద. ఆ నియమం రాసింది ఈసారి వంతు వచ్చిన బోధకుడు దయాసాగరమే. ఆడది శిరస్సయితే సంసారం శిథిలమేనని మైకులు పగిలేలా చెప్పిన మనిషి.

ఆదివారం ప్రమాణమనగా శనివారం పొద్దున చెవి నోరు విప్పింది.

"ఈ ఇంటి శిరస్సు సుశీలమ్మగారు. బ్రదర్‌గారు నెలంతా ఇచ్చిన ఆజ్ఞలు సున్నా. 'ఏమే, నా కళ్లజోడేది' అన్నవి నూటపన్నెండు."

"ఇది సాతాను చెవి!" అని గావుకేక పెట్టాడు దయాసాగరం.

"సాయంత్రంలోగా ఒక్క ఆజ్ఞ ఇవ్వండి. ఇల్లు లోబడితే పేరు మారుస్తాను."

దయాసాగరం టై బిగించుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. భార్య సుశీల చేపలు వేయిస్తోంది.

"ఏంటండీ, అలా నిలబడ్డారు?"

"నీకో ఆజ్ఞ ఇద్దామని. ఏ ఆజ్ఞయితే బాగుంటుందంటావ్?"

"ముందా చెత్తబుట్ట బయటపెట్టి రండి, ఆలోచించి చెబుతాను."

అతను బుట్ట పట్టుకుని గేటు దాటాడో లేదో, చెవి సుశీలను పిలిచింది.

"అమ్మగారూ, రేపు సంఘపెద్దగా ప్రమాణం మీరే చేయాలి."

"నాకెందుకమ్మా ఆ పెత్తనం, ఆయనే చేస్తారు," అంది సుశీల చేప తిప్పుతూ. "నేను చేయమన్నానని రాసుకో."