ముంగిస అడగని మూడు చేపలు

చెరువు గట్టున పాములు కొంగల గుడ్లను మింగేస్తున్నాయి. కాపలా కావాలని కబురు వస్తే ముంగిస బయల్దేరింది. కలుగులో మూడు పిల్లలు పస్తులున్నాయి. "రోజుకు మూడు చేపలని నోరు విప్పి చెప్పు," అని పెళ్లాం మరీమరీ చెప్పి పంపింది.

ముసలికొంగ దాని ఒంటిమీది పాముకాట్ల మచ్చలు చూసి తలూపింది. తామరాకులో గిలగిలలాడే నాలుగు చేపలు ముందు పెట్టుకుని, "రోజుకెన్ని ఇమ్మంటావు?" అంది.

మూడన్న మాట ముంగిస నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కూలి నోటితో అడగడం దాని ఇంటావంటా లేదు. "తమరికి తోచినన్ని ఇప్పించండి," అంది తల వంచుకుని.

"నాకు తోచేది నా గూడును చూసి తోస్తుంది నాయనా. నీ కలుగు సంగతి నువ్వే చెప్పాలి."

"అంతా తమ దయ."

 కొంగ మూడు చేపలను ఒక్కొక్కటిగా నీళ్లలోకి జార్చేసి, "నాకు తోచింది రోజుకొక్కటి," అంది.

మిగిలిన ఒక్క చేపతో ముంగిస ఇల్లు చేరింది. పిల్లలు ఆత్రంగా చుట్టూ మూగాయి.

"ఒక్కటేనా? ఎంత పిసినారి కొంగ!" అంది పెళ్లాం.

ముంగిస ఔననబోయి ఆగింది.

"కొంగ నాలుగు తెచ్చింది. మూడింటిని నేనే నీళ్లపాలు చేశాను," అంది.