అండమాన్‌లో ఒక రాత్రి

"టెంటు ఇసుకల ఏసిన్రా, చెట్ల కింద ఏసిన్రా?" అని మొగులయ్య రెండోసారి అడిగాడు.

సూర్యారావు పనిచేసే ప్లాంటు టైమాఫీసులో మొగులయ్య పెద్ద గుమస్తా. ఎవరు ఎప్పుడు సెలవు పెట్టారో, ఏ ఊరు తిరిగొచ్చామని కంపెనీకి ఎల్టీసీ బిల్లు పెట్టారో అన్నీ ఆయనకు తెలుసు. అలాంటి మనిషి ఆదివారం పూట క్వార్టర్ వెనక గుమ్మంలోంచి వచ్చి, తలుపు తనే దగ్గరికి వేసి కూర్చున్నాడు. మంచికి వచ్చినవాడు అలా వస్తాడా?

సూర్యారావు పెట్టింది అండమాన్ బిల్లు. సెలవులన్నీ గడిపింది మాత్రం పక్కూరు చిట్కుల్‌లో బావమరిది ఇంట్లో, భార్య నాగరత్నంతో కలిసి తలుపులు బిగించుకుని. లాడ్జి రసీదులు అడుగుతారని, సముద్రం ఒడ్డున టెంటులో పడుకున్నామని రాశాడు. బిల్లు పెట్టినవాళ్ళను, వాళ్ళ ఇంటివాళ్ళను రేపు విజిలెన్సు వాళ్ళు ఒక్కొక్కరినే పిలుస్తారట. దొరికితే ఉద్యోగం ఊడినట్టే.

"చెట్ల కిందేనండి. పోటు వస్తుందని ఇసుకలో వెయ్యనివ్వరు."

"పర్మిషన్ ఎవలిచ్చిన్రు?"

"అటవీ శాఖ వాళ్ళండి. మామూలుగా అయితే ఆఖరి పడవకు తిరిగొచ్చెయ్యాలి. రాత్రి ఉండాలంటే ముందే కాగితం తీసుకోవాలి. మంట వెయ్యకూడదన్నది మొదటి షరతు."

"గా కాగితం ఏది మరి?"

"వచ్చేటప్పుడు రేవులో తీసేసుకున్నారండి."

మొగులయ్య కళ్ళు మూసుకుని ఆ మాటలన్నీ పెదాలతో ఒకసారి చెప్పుకున్నాడు. తప్పు ఎక్కడుందో వెతుకుతున్నాడని సూర్యారావుకు అనిపించింది. ఒక్క గవ్వయినా తేలేదేమని ఆయన అడిగితే, అక్కడ గవ్వ ఏరినా కేసేనని చెప్పాడు. డిస్పెన్సరీ నర్సు ఇందిరమ్మ నిజంగానే అండమాన్ వెళ్ళొచ్చింది. ఆమె దగ్గర విన్నదంతా పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

అంతా సజావుగా సాగుతుండగా నాగరత్నం టీ తెచ్చింది. మొగుడికి సాయం చేద్దామనుకుంది పాపం.

"రాత్రి ఆ ఒడ్డునే కట్టెలు పేర్చి, వేడివేడిగా ఉప్మా చేశానండి," అంది.

మొగులయ్య గ్లాసు కింద పెట్టి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మంట ఎయ్యనియ్యరంటిరి గద?"

ఉద్యోగం, క్వార్టరు, కాలనీలో పరువు అన్నీ అక్కడితో సరి అనుకున్నాడు సూర్యారావు. కాళ్ళ మీద పడదామా అని అతను ఆలోచిస్తుండగానే మొగులయ్య లేచి కిటికీ రెక్క కూడా మూశాడు.

"గా ఉప్మా ముచ్చట రేపు తియ్యకు చెల్లె. ఇప్పుడు ఆయన చెప్పినట్టే చెప్పున్రి," అన్నాడు గొంతు తగ్గించి.

"అండమాన్‌కు నేను గూడ పోలే."