లేని పేజీలు

పాత కౌబాయ్ కామిక్స్ కోసం ఊళ్లు పట్టి తిరగడం ఇక నా వల్ల కావడం లేదు. ముదిగుబ్బలో కుళ్ళాయప్ప దగ్గర ట్రంకుపెట్టె నిండా ఉన్నాయంటే, ఇదే ఆఖరుసారి అనుకుని బస్సెక్కాను.

అన్నీ అరుదైనవే. కానీ ప్రతి పుస్తకంలోనూ ఒకటో రెండో పేజీలు లేవు.

"ఎవరు చించినారు పెద్దాయనా?"

"నేనేనప్పా. నాకు చదువు రాదు, బొమ్మలు చూస్తా. కరువుకు నా ఆవులన్నీ సచ్చిపోయినాక, కూచోని చించేసినా."

"పుస్తకాలు నిన్నేం చేసినాయి?"

ఆయన ఒకటి తెరిచి, ఏటికి పోతున్న మందను వేలితో నిమిరాడు.

"చూడప్పా. ఇప్పుడు ఈ బుక్కుల్లో యా ఆవూ సచ్చిపోదు."