తోక బరువు

"ఇది పైకి పోయి ఎవురి నెత్తినో పడితే ఏం గతి, అమ్మిణీ?" కూతురి గది గుమ్మానికి అడ్డంగా నిలబడి అంది మీనాంబాళ్.

నివేదిత, మంచం కన్నా పొడుగైన, రిమోట్‌తో ఎగిరే యుద్ధవిమానం బొమ్మకు ఆఖరి మర బిగించి, రెక్కల కింద వేళ్లు పెట్టి ఎత్తింది. తోక కిందికి వాలింది. బొమ్మ ముక్కులో బరువుకు సీసం ముక్క అంటించి మళ్లీ ఎత్తింది. మళ్లీ వాలింది.

"నిన్న సమంగా నిలిచెనే! తోక బరువైతే రేపు గాల్లోకి లేవంగానే కూలిపోతాది."

"అయితే రేపు వద్దులే, కన్నూ."

"ఎయిర్‌ఫోర్స్ ఇంటర్వ్యూ నాడూ ఇట్లే వాకిలికి అడ్డం నిలబడితివి. నన్ను పోనియ్యలేదు. ఇప్పుడు బొమ్మనూ పోనియ్యవా?"

మీనాంబాళ్ కొంగు నలుపుకుంది. సీసం ముక్కలన్నీ అయిపోయాయి. తోక మాత్రం లేవలేదు.

నివేదిత తల్లి ముఖంలోకి చూసింది. "అమ్మా, దీన్ని నువ్వు తాకితివా?"

తల్లి చూపు తోక మీదికి పోయింది. కాపాడాలని పెట్టినదే కూల్చేస్తుందా? మీనాంబాళ్ మెల్లగా గుమ్మం వదిలి లోపలికి వచ్చి, తోక పక్కన కూర్చుంది.

"ఆ తోక మూత తెరువు. లోపల నిమ్మకాయ ఒకటి, మారియమ్మన్ తాయెత్తులు మూడు ఉండాయి. పడకుండా కాయాలని పొద్దున నేనే పెడితిని... తీసెయ్యి, అమ్మిణీ."