పొట్టి కాళ్ల పెట్టె

“నాకు ఒకదాని మీద ఒకటి ఎక్కించే అరల పెట్టే కావాలి. ముప్పై ఏళ్లుగా నా తేనెటీగలు అందులోనే ఉన్నాయి,” అంది అత్త వడ్రంగి కొట్టులో, మూడోసారి.

వడ్రంగి కోడలి వైపు చూశాడు. కోడలు కళ్లతోనే ఏదో చెప్పింది. అత్త అది పట్టేసింది. తుంటి విరిగి చక్రాల కుర్చీలో పడ్డాక ఆమె కాళ్లు మూలపడ్డాయి గానీ, కళ్లు రెట్టింపు పనిచేస్తున్నాయి.

“పొడుగు పెట్టె మంచిదమ్మా,” అన్నాడు వడ్రంగి. “తేనెపట్టు చట్రాలన్నీ ఒకే వరసలో ఉంటాయి. పై అర ఎత్తి కింద పెట్టే బాధ లేదు.”

“నిన్న మా కోడలూ అచ్చం ఇదే అంది. ఇద్దరూ కలిసి బట్టీ పట్టారా?”

“అబ్బే, అదేం లేదత్తయ్యా!” అంటూ కోడలు గుమ్మడికాయల దొంగలా తడబడి, చేతిలోని కొలత టేపును గబుక్కున సంచిలో పడేసింది.

అత్తకు అంతా అర్థమైపోయింది. మొన్న కోడలు చక్రాలకు నూనె పెట్టిస్తానని కుర్చీని పూటంతా మాయం చేసింది. ఆ పూట తను మంచానికే అతుక్కుపోయింది. ఇప్పుడేమో తనకు అలవాటు లేని పెట్టె తెస్తుంది, ఈగల్ని అందులోకి మారుస్తుంది, ముసలిది మూలన కూర్చుని చూస్తుంటుంది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

“నా ఈగల మీద నీ కన్ను ఎప్పుడు పడిందే?”

“ముందు పెట్టె చూడండత్తయ్యా.”

“ఓహో, అప్పుడే చేయించేశావా? మరి నన్నడగడం ఉత్తుత్తికా?”

వడ్రంగి లోపల్నుంచి పొడుగు పెట్టెను ఈడ్చుకొచ్చాడు. అత్త దాన్ని ఎగాదిగా చూసింది.

“నీ పనితనం మండ! ఇంత పొట్టి కాళ్లేమిటయ్యా? వంగి వంగి దీని నడుం విరిగిపోదూ?”

అంత కోపంలోనూ కోడలి నడుం ఎందుకు గుర్తొచ్చిందో ఆమెకే తెలియలేదు.

“కొలతలు మీ కోడలివేనమ్మా. నిలబడి చేసేవాళ్లకు పనికిరాదని నేనూ మొత్తుకున్నాను,” అన్నాడు వడ్రంగి.

“కలప మిగుల్చుకుని కబుర్లు చెప్పకు!”

కోడలు కుర్చీని నెట్టుకుంటూ వెళ్లి పెట్టె పక్కన ఆపింది.

మూత సరిగ్గా అత్త మోచేతుల ఎత్తుకు వచ్చింది.