ముసలాయన ఏమన్నాడు?

ఆట ముగియడానికి ఇంకో నిమిషం కూడా లేదు. మార్లో కాలేజీ నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. సన్నగా మంచు పడుతోంది. ఒహాయోలో నవంబరు ఆఖరంటే అంతే. మైదానం మధ్యలో పదిమంది ఆటగాళ్లు నడుములు వంచి డెస్మండ్ టాలీ మొహంలోకి చూస్తున్నారు.

డెస్మండ్ ఆ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు క్వార్టర్‌బ్యాక్. బంతి ముందు అతని చేతికే వస్తుంది. దాన్ని పట్టుకుని ఏం చెయ్యాలో మాత్రం గీత అవతల నిలబడ్డ కోచ్ విక్కర్స్ చెప్తాడు, హెల్మెట్‌లోని రేడియోలో. ఆయన నడుముకున్న బటన్ నొక్కితే ఆ మాట డెస్మండ్ ఒక్కడికే వినిపిస్తుంది. పక్కనున్న సహాయ కోచ్‌లకు కూడా వినపడదు. వాళ్లు నోరెత్తడం ఆయనకు మొదట్నుంచీ గిట్టదు. అటు నుంచి ఇటు మాటే గానీ, ఇటు నుంచి అటు జవాబు పోదు. బంతి కదలడానికి కాస్త ముందు రేడియో దానంతటదే ఆగిపోతుంది.

చెవిలో గరగరమంది. కోచ్ గొంతు.

డెస్మండ్ అటు చూశాడు. అట్టముక్క నోటికి అడ్డం పెట్టుకుని ముసలాయన మాట్లాడుతున్నాడు. అవతలివాళ్లు పెదాలు చూసి ఆట పసిగట్టకుండా కోచ్‌లందరూ చేసే పనే అది. అంతా విని డెస్మండ్ తలూపాడు. బొటనవేలు పైకెత్తి చూపించాడు.

“ముసలాయన ఏమన్నాడ్రా?” అన్నాడు బంతి అందించే రూబెన్. కొండలాంటి మనిషి, నోట్లోంచి పొగలు కక్కుతున్నాడు.

“బంతి పట్టుకుని కుడివైపు పరుగు.”

“ఇప్పుడు పరుగేంట్రా? చలికి ఆయన బుర్రగానీ గడ్డకట్టిందా?”

“మూసుకుని బంతి అందించు.”

మిగతావాళ్లు నవ్వారు. డెస్మండ్ నవ్వలేదు.

తీరా వరసలో నిలబడి చూస్తే అవతలి జట్టు కుడివైపంతా గోడ కట్టేసింది. రేడియో అప్పటికే మూగబోయింది. డెస్మండ్ చెయ్యి ఊపి, గొంతు చించుకుని ఆట మార్చేశాడు. మీదపడబోయిన ఇద్దర్ని తప్పించుకుని బంతిని ఎడమ మూలకు విసిరాడు. అక్కడ మనిషన్నవాడు లేడు. బంతి దిగేవేళకి ఎక్కణ్నుంచో మార్లో జట్టులోని పొడుగాటి క్లైడ్ ఊడిపడి ఒడిసిపట్టుకున్నాడు.

స్టేడియం ఊగిపోయింది. అందరూ అరుస్తున్నది మాత్రం డెస్మండ్ పేరు కాదు.

“విక్కర్స్! విక్కర్స్!”

ఇది కొత్తేం కాదు. ఈ ఏడాది మార్లో ఒక్క ఆట కూడా ఓడలేదు. టీవీలోనూ, మంగలి షాపులోనూ ఒకటే పాట. అది విక్కర్స్ పద్ధతిరా నాయనా, ఆ పద్ధతిలో చీపురుకట్టని నిలబెట్టినా గెలుస్తుంది! పోయినవారం అవతలి కాలేజీ పిల్లలు నిజంగానే చీపుళ్లు తెచ్చి డెస్మండ్ మొహం మీద ఊపారు. వాళ్లను చూసి అతను పళ్లికిలించాల్సి వచ్చింది. ఆ హెల్మెట్ లోపల ఊపిరాడనట్టు ఉంటోంది అతనికి.

అలాగని కోచ్ మీద కోపమా అంటే, లేదు. పొట్టివాడని ఏ కాలేజీ గడప తొక్కనివ్వనప్పుడు ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది ఆయనొక్కడే. డెస్మండ్ వాళ్లమ్మ చనిపోయిన ఏడాది థ్యాంక్స్‌గివింగ్ పండక్కి పక్కన కూర్చోబెట్టుకుని టర్కీకోడిలో పెద్ద ముక్క డెస్మండ్ పళ్లెంలోనే వేశాడు. ఆయనకి ఇది ఆఖరి ఆట. రేపు స్టేడియం ముందు ఆయన విగ్రహం పెడుతున్నారు. పొద్దున కోచ్ భార్య ఓపల్ డెస్మండ్ చెయ్యి పట్టుకుని ఒకపట్టాన వదల్లేదు.

“ఈ ఒక్క ఆట నాన్నా. అయిపోగానే ఆయన్ని ఇంటికి తీసుకెళ్లిపోతాను,” అంది.

ఆట మార్లో గెలుపుతో ముగిసింది. బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లే దారిలో సోబెక్ అడ్డం తగిలాడు. పెద్ద జట్టుకు కుర్రాళ్లను ఎంపిక చేసే మనిషి. అతను ఊఁ అంటే డెస్మండ్ బతుకు మారిపోతుంది. ఉహుఁ అంటే ఈ ఆటతో డెస్మండ్ ఫుట్‌బాల్ కూడా సరి.

“ఒక్క మాట అబ్బాయ్. నీ చెయ్యి బంగారం. కానీ మావాళ్లకి ఒకటే అనుమానం. విక్కర్స్ లేకపోతే నువ్వేంటి?”

డెస్మండ్ హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“ఇందాక ఆఖర్న ఆట మార్చావు చూశావా, అప్పటికి రేడియో ఆగిపోయింది. కాబట్టి అది నీ బుర్రే అయ్యుండాలి. ఔనను చాలు, మిగతాది నేను చూసుకుంటా.”

ఔననడం ఎంతసేపు! నాలుక చివరిదాకా వచ్చింది. ఔనంటే వెంటనే రెండో ప్రశ్న పడుతుంది. మరి కోచ్ ఏం చెప్పాడు? దానికి అతని దగ్గర జవాబుంది. చిక్కంతా అదే. కక్కలేక మింగలేక హెల్మెట్ వంక చూస్తూ నిలబడ్డాడు.

“లేదు సర్,” అన్నాడు చివరికి. “వాళ్లు కుడివైపు గోడ కడితే ఎడమ మూలకి విసరమని ముందే చెప్పారు.”

సోబెక్ నిట్టూర్చాడు.

“అదీ ఆయనదేనా? సర్లే. ఎంతైనా మహానుభావుడు!” భుజం తట్టి వెళ్లిపోయాడు.

డెస్మండ్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. ఎవరూ చూడకుండా గబగబా హెల్మెట్ పెట్టేసుకున్నాడు. మైదానంలో పూలదండల మధ్య, కెమెరాల మధ్య నిలబడి విక్కర్స్ ఇటే చూస్తున్నాడు. నోటికి అడ్డంగా అట్టముక్క పెట్టుకున్నాడు.

చెవిలో గరగరమని, ఈ ఏడాది ప్రతి ఆటలోనూ విన్న మాటే మళ్లీ వినిపించింది: “ఎవరు బాబూ నువ్వు, వీళ్లంతా ఎందుకలా అరుస్తున్నారు, మా ఓపల్ ఎక్కడ?”