నాలుగో కసరత్తు

“నాలుగోది వదిలెయ్యండి. అయిదు! నడుం మీద చేతులు!” కేకేశాడు కొర్నేలు.

“ఆగు!” వెనక నుంచి సేఫ్టీ ఆఫీసర్ నౌమాన్ గొంతు. “నాలుగోది ఎందుకు ఇడిసిపెడుతున్నవ్?”

సౌదీలోని జుబైల్లో ఆ ప్లాంటు గేటు ముందు రోజూ ఇదే తంతు. డ్యూటీ ఎక్కేముందు అందరూ వరసల్లో నిలబడి ఆరు కసరత్తులు చెయ్యాలి. పొద్దున్న అయిదింటికే చొక్కా తడిసిపోయే ఉక్కలో, పన్నెండు గంటల చాకిరీ ముందు పెట్టుకుని, ఎవడిక్కావాలండీ కసరత్తులు? అయినా కంపెనీ రూలు. కొర్నేలు ఒకప్పుడు పాలకొల్లులో డ్రిల్లు మాస్టారు కాబట్టి ఈ పని అతని నెత్తిన పడింది.

నాలుగోదంటే రెండు చేతులూ చెవులకి ఆనేలా పైకెత్తడం. మూడు నెలలుగా కొర్నేలు దాన్ని దాటేస్తున్నాడు. ఎందుకో వెల్డర్ అల్లాబకాష్‌కి తెలుసు. తన కుడిభుజం పట్టేసింది. చెయ్యి లేవదని తెలిస్తే క్లినిక్కి పంపుతారు, అక్కణ్ణుంచి ఇక ఫైనల్ ఎగ్జిటే, వీసా కొట్టేసి ఇంటికి పంపెయ్యడమే. ప్రొద్దుటూరులో కూతురు సబీనా నర్సింగు ఇంకా ఏడాదుంది.

“నా కోసరం మీరు మాట పడతాండారు సార్,” అన్నాడొకరోజు బస్సులో కొర్నేలుతో.

“ఊరుకో బకాషు భాయ్. రెండొందల ఏళ్ల కిందట స్వీడన్లో లింగ్ అని ఒకాయన ఉండేవాడు. ఇలాంటి ఒట్టిచేతుల కసరత్తులకి పేరుపడ్డ మనిషి. ఆయనకే మోచెయ్యి పట్టేస్తే రోజూ కత్తిసాము చేసి బాగుచేసుకున్నాడంటారు. నువ్వు గోడ మీద వేళ్లు పాకించు, రోజుకింత పైకి.”

“ఎట్లనో చేసి చూపీ సార్.”

“నోటితో చెప్పాను కదా, చాల్లే.”

“నిజంగా నయమైతాదా?”

“అవ్వాలి మరి,” అన్నాడు కొర్నేలు నీరసంగా కళ్లు మూసుకుని.

అప్పట్నుంచి అల్లాబకాష్ క్యాంపు బాత్రూం గోడని వదల్లేదు. నొప్పికి కళ్లల్లో నీళ్లు తిరిగేవి. పోయిన వారమే వేళ్లు షవరు గొట్టాన్ని అందుకున్నాయి. శుక్రవారం బిర్యానీ తినిపించి సారుకి చెబుదామని దాచుకున్నాడు.

“టైము చాలదండీ,” అంటున్నాడు కొర్నేలు ఇప్పుడు.

“అరె, అరనిమిషం పని! ఎవర్ని కాపాడుతున్నవ్? ఈ చాచానేనా?” నౌమాన్ చూపు అల్లాబకాష్ మీద ఆగింది.

కొర్నేలు తలొంచుకున్నాడు. అల్లాబకాష్‌కి ప్రాణం ఉసూరుమంది. తన మూలంగా అంత మంచి మనిషి నలుగురిలో తలొంచుకోవడమా!

“పెట్టండి సార్, నాలుగోది! నాకు నయమైపాయ!” అని అరిచాడు.

“వద్దు భాయ్,” అన్నాడు కొర్నేలు గబగబా.

అల్లాబకాష్ వింటేనా! రెండు చేతులూ నిటారుగా ఎత్తేశాడు. అతన్ని చూసి వరసలన్నీ చేతులెత్తాయి. ఇన్నాళ్ల భయమంతా ఒక్కసారిగా దిగిపోయి, సంబరంగా సారు వైపు చూశాడు.

“శభాష్ చాచా!” నౌమాన్ కూడా నవ్వేశాడు. “ఇగ నువ్వు గూడ ఎత్తు, కొర్నేలూ.”

కొర్నేలు కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవలేదు.